మారేడుమిల్లి అడవిబాటలో చెట్లు పోల్చుకోవాలంటే ముందు నేల చూడండి

మారేడుమిల్లికి వచ్చే మా చుట్టాలందరూ అడిగేది ఒకటే: "ఇన్ని చెట్లలో ఏది ఏదో ఎలా తెలుస్తుంది?" తల పైకెత్తొద్దు అంటాను నేను. ముందు నేల, తర్వాత మాను, కొమ్మలు ఆఖర్న. పైన ఆకులన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి పచ్చదనం తప్ప ఏమీ తెలియదు. రాలిన ఆకూ కాయా అయితే చేతికే అందుతాయి.

తాటి కుటుంబంతో మొదలుపెట్టండి, తేలిగ్గా పట్టుబడుతుంది. తాటాకు అందరికీ తెలిసిందే, విసనకర్ర ఆకు. ఈతకీ కొబ్బరికీ తేడా తెలియక తికమకపడేవాళ్ళే ఎక్కువ. ఈతమట్ట నుంచి ఒక రెల్లను, అంటే మట్టకి రెండు పక్కలా ఉండే సన్నటి ఆకును, పట్టుకుని చూడండి. అది పైకి తెరుచుకుని, నీళ్ళు పోస్తే నిలిచేలా మడతపడి ఉంటుంది. కొబ్బరిది కిందికి వాలిన మడత. ఈతమట్ట మొదట్లో రెల్లలు ముళ్ళుగా మారిపోతాయి, కాబట్టి చివరి వైపే పట్టుకోండి. కొండవాలులో నడుము దాటని ఈత పొదలు కనిపిస్తే అవి పిల్ల ఈతలని వదిలేయొద్దు. చిట్టీత వేరే జాతి. కార్చిచ్చు పైపైన కాల్చిపోయినా మళ్ళీ చిగురిస్తుంది.

ఈ అడవిలో నాకు అన్నిటికంటే ఇష్టమైంది జీలుగు, ఇదీ తాటి కుటుంబం చెట్టే. దీని ఆకు కింద పడి ఉంటే ఇక పొరపాటు పడే పనే లేదు. మట్ట మళ్ళీ చిన్న మట్టలుగా చీలి, ఒక్కో రెల్ల చేప తోకలా, అంచున కొరికినట్టు ఉంటుంది. మాను నున్నగా బూడిదరంగులో, రాలిన మట్టల ఆనవాళ్ళతో చుట్లు చుట్లుగా ఉంటుంది. ఇప్పుడు తల ఎత్తండి. మొదటి పూగెల చెట్టు తలదగ్గర వేస్తుంది. తర్వాతవి ఏళ్ళ తరబడి ఒక్కొక్కటే కిందికి దిగుతూ వస్తాయి. అడుగు గెల అయిపోయాక చెట్టే చనిపోతుంది. కాబట్టి గెల ఎంత కిందికి ఉందో చూస్తే చెట్టు ఏ వయసులో ఉందో అంచనా వేయొచ్చు. ఇక్కడి గిరిజనులు కొండరెడ్లు దీని కల్లు గీస్తారు, మానులోని పిండితో జావ కాస్తారు. కట్టి ఉన్న కుండ జోలికి వెళ్ళొద్దు, అది ఒక ఇంటి ఆదాయం. రాలిన పండ్లు కూడా ముట్టుకోకండి, గుజ్జు తగిలితే చెయ్యంతా దురద.

మిగతా చెట్లకీ ఇదే పద్ధతి. ఎండిన కాయకి అయిదు రెక్కలుంటే మద్ది. మాను నల్లగా, పలకలు పలకలుగా పగిలి ఉంటే నల్లమద్ది. వాగు ఒడ్డున తెల్లగా నున్నగా ఉంటే తెల్లమద్ది. గుండ్రటి పల్చటి రెక్క మధ్యలో గింజ ఉంటే యేగిస. దాని బెరడు మీద దెబ్బ తగిలిన చోట ఎర్రటి జిగురు కారి గట్టిపడి ఉంటుంది, వెతకండి. మీరు మాత్రం గాటు పెట్టొద్దు. వేసవి మొదట్లో వస్తే విప్పపూలు తెల్లారేసరికి రాలి ఉంటాయి. ఏరుకునేవాళ్ళు వచ్చేదాకా వాటిని తొక్కకుండా పక్కనుంచి నడవండి.

అడ్డతీగని మాత్రం తాకి చూడాల్సిందే. ఆకు రెండుగా చీలి, అరచేతి కంటే చాలా పెద్దగా ఉంటుంది. లేత ఆకు అడుగున తుప్పురంగు నూగు వేలికి మెత్తగా తగులుతుంది. మన విస్తరాకు ఇదే. ఎండల్లో దీని కాయలు ఫట్‌మని పేలి గింజలు ఎగిరిపడతాయి, ఆ చప్పుడుకి కంగారు పడకండి. తీగల మీద గోధుమరంగు నూగుతో కాయలు వేలాడుతుంటే అది దూలగొండి, దూరంగా జరగండి.

ఒక్క నడకకి నాలుగైదు చెట్లు చాలు. ఒక్కోదానికి ఆకు, మాను, కాయ మూడు ఫోటోలు తీసుకోండి. సాయంత్రం ఊళ్ళో పెద్దవాళ్ళకి చూపించండి. పేరుతోపాటు అది ఎప్పుడు పూస్తుందో, దేనికి పనికొస్తుందో కూడా చెప్తారు.