సిమ్యులేషన్‌లో ఇన్‌లెట్ విలువలను నిర్ణయించడం ఎలా?

సీఎఫ్‌డీ (ద్రవాలు, వాయువుల ప్రవాహాన్ని కంప్యూటర్‌లో లెక్కించే పద్ధతి) సాల్వర్‌కు, అంటే ఆ లెక్క చేసే ప్రోగ్రాముకు, డొమైన్‌కు (మనం లెక్కించే ప్రాంతానికి) ముందు ప్రవాహం ఎలా నడిచి వచ్చిందో తెలియదు. ఇన్‌లెట్ వద్ద, అంటే ప్రవాహం లోపలికి వచ్చే ద్వారం వద్ద, మనం ఇచ్చే విలువలే దానికి ఆధారం. కాబట్టి నిజంగా కొలిచి తెలిసిన రాశి ఏదో ముందుగా తేల్చుకోవాలి. ప్రవాహ రేటు తెలిసి ఉంటే వేగాన్ని, సాంద్రత మారే వాయువైతే ద్రవ్యరాశి ప్రవాహ రేటును ఇవ్వాలి. పెద్ద ట్యాంకు నుంచి ద్రవం వస్తూ, ప్రవాహ రేటే మనం కనుక్కోవలసిన ఫలితమైతే మొత్తం పీడనాన్ని (స్థిర పీడనం, వేగం వల్ల వచ్చే పీడనం కలిపి) ఇవ్వాలి. అసంపీడ్య (సాంద్రత మారని) ప్రవాహంలో ఒకే ఇన్‌లెట్ వద్ద వేగాన్నీ పీడనాన్నీ రెండింటినీ బిగించకూడదు. వేగం ఇచ్చినచోట పీడనానికి జీరో గ్రేడియంట్ (సరిహద్దుకు లంబంగా మార్పు లేదన్న షరతు) పెట్టి, పీడనాన్ని అవుట్‌లెట్ (బయటికి వెళ్లే ద్వారం) వద్ద స్థిరపరచడం సాధారణ పద్ధతి.

ఇన్‌లెట్ అంతటా ఒకే వేగం ఇస్తే, గొట్టంలో ప్రవాహం తన సహజ రూపాన్ని సంతరించుకోవడానికి కొంత దూరం కావాలి. రేనాల్డ్స్ సంఖ్య (జడత్వ, స్నిగ్ధతా బలాల నిష్పత్తి) 1000 ఉన్న లామినార్ (సుడులు లేని, పొరలుగా సాగే) ప్రవాహానికి అది సుమారు 50 నుంచి 60 వ్యాసాల దూరం. అంత పొడవు మెష్ చేయలేకపోతే (లెక్క కోసం చిన్న గడులుగా విభజించలేకపోతే), మధ్యలో సగటుకు రెట్టింపు వేగం ఉండే పారబోలా ప్రొఫైల్‌ను నేరుగా ఇవ్వడమే మేలు.

అసలు చిక్కంతా టర్బులెన్స్ (ప్రవాహంలోని సుడుల అలజడి) విలువలతోనే. ఇంటెన్సిటీకి (సగటు వేగంతో పోలిస్తే వేగపు ఒడిదుడుకుల తీవ్రతకు) డిఫాల్ట్‌గా కనిపించే 5 శాతాన్ని చాలామంది అలాగే వదిలేస్తారు. 50 మిల్లీమీటర్ల గొట్టంలో నీరు సెకనుకు 2 మీటర్ల వేగంతో వస్తోందనుకుందాం. రేనాల్డ్స్ సంఖ్య సుమారు 1,00,000. దాని ఎనిమిదో మూలంతో 0.16ను భాగిస్తే ఇంటెన్సిటీ 3.8 శాతం వస్తుంది. దాన్ని వేగంతో గుణించి, వర్గం చేసి, 1.5తో గుణిస్తే టర్బులెంట్ గతిశక్తి ఎస్ఐ యూనిట్లలో 0.0086. పొడవు స్కేలుగా (పెద్ద సుడుల పరిమాణంగా) వ్యాసంలో 7 శాతం, అంటే 3.5 మిల్లీమీటర్లు తీసుకుంటే ఒమేగా (టర్బులెంట్ శక్తి ఎంత వేగంగా కరిగిపోతుందో సూచించే రాశి) సెకనుకు సుమారు 48 అవుతుంది. ఇంటెన్సిటీకి వాడిన ఈ సూత్రం పూర్తిగా అభివృద్ధి చెందిన గొట్టపు ప్రవాహానికే వర్తిస్తుంది. ఇన్‌లెట్‌కు కాస్త ముందే ఫ్యాను గానీ వంపు గానీ ఉంటే ఇంటెన్సిటీ ఇంతకన్నా బాగా ఎక్కువగా ఉండవచ్చు. సందేహం ఉన్నప్పుడు పొడవు స్కేలును రెట్టింపు చేసి మరోసారి నడిపి, మనకు కావలసిన ఫలితం ఎంత కదిలిందో చూడాలి.

రన్ మొదలయ్యాక ఇన్‌లెట్ గుండా వెళ్తున్న ద్రవ్యరాశిని సాల్వర్ రిపోర్టులో తప్పక సరిచూడాలి. పై ఉదాహరణలో సెకనుకు 3.92 కిలోగ్రాములు రావాలి. అయితే వృత్తపు అంచును మెష్ 12 ముక్కలుగా మాత్రమే విభజిస్తే, వైశాల్యం 4.5 శాతం తగ్గి 3.74 కిలోగ్రాములే లోపలికి వస్తాయి. ద్రవ్యరాశి రేటును బిగిస్తే ఆ అంకె సరిపోతుంది గానీ వేగం ఆ మేరకు పెరుగుతుంది, కనుక అంచు వద్ద మెష్‌ను సన్నం చేయడమే సరైన పరిష్కారం.