ఒకే ఎంజీబీలో తండ్రీ కొడుకులు క్లాసిక్ రేసుకు దిగడం ఎలా?

బ్రిటన్‌లో జరిగే క్లాసిక్ కార్ల రేసుల్లో నలభై నిమిషాలో గంటో సాగే రకం ఒకటుంది. కారు ఒకటి, డ్రైవర్లు ఇద్దరు, మధ్యలో పిట్‌లోకి, అంటే ట్రాక్ పక్కన కార్లు ఆగే చోటికి, వచ్చి మారి తీరాలి. తండ్రీ కొడుకులు కలిసి పందెంలోకి దిగాలనుకుంటే ఇంతకంటే మంచి దారి లేదు. చెరో కారైతే ఖర్చు రెండింతలు, ట్రాక్ మీద ఎవరి తిప్పలు వారివి. ఒకే కారైతే కొడుకు వేడెక్కించిన బ్రేకులతోనే నాన్న మిగతా సగం నెగ్గుకు రావాలి. ఇద్దరూ ఒకే బండిని ఒకే కొలతలతో అర్థం చేసుకుంటేనే అది సాధ్యం. ఇలాంటి జంటలు ఎక్కువగా తడబడేది కూడా కారు చేతులు మారే ఆ నిమిషంలోనే.

ఇక్కడి కొలతలన్నీ ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారువి. ఇంగ్లండ్‌లోని అబింగ్డన్ ఫ్యాక్టరీలో 1962 నుంచి 1980 దాకా ఐదు లక్షలకు పైగా తయారైన బండి ఇది. 1798 సీసీ ఇంజన్, ముందు డిస్క్ బ్రేకులు, వెనక డ్రమ్ములు. ఇప్పటికీ బాడీ షెల్‌తో సహా దాదాపు ప్రతి భాగమూ కొత్తది దొరుకుతుంది. మొదటిసారి దిగేవారికి ఇంతకంటే ఖరీదైనది అక్కర్లేదు.

1. కారు కంటే ముందు రూల్స్ పుస్తకం

ఏ సిరీస్‌లో నడపాలో తేల్చుకోకుండా కారు కొనకండి. ఎంజీ కార్ క్లబ్ సొంత రేసులున్నాయి, 1966కు ముందటి కార్లకు విడిగా సిరీస్‌లున్నాయి. ఒకచోట చెల్లిన టైరు, ఇంకోచోట చెల్లిన కార్బురేటర్ మరోచోట చెల్లకపోవచ్చు. కొన్ని రేసులకు, కారు ఆ కాలపు సాంకేతిక వివరాలకు సరిపోతుందని చూపే ఎఫ్ఐఏ (అంతర్జాతీయ మోటారు క్రీడల సంస్థ) హిస్టారిక్ టెక్నికల్ పాస్‌పోర్ట్ తప్పనిసరి. అమ్మేవాడు "రేసుకు సిద్ధం" అంటే ఏ రేసుకు అని అడగండి, కాగితం చూపించమనండి.

లైసెన్స్ మోటార్‌స్పోర్ట్ యూకే ఇస్తుంది. ఇద్దరూ విడివిడిగా ఆరోగ్యానికి సంబంధించి అడిగినవి పూర్తిచేసి, ఆర్డ్స్ అనే రేసు డ్రైవింగ్ పరీక్ష నెగ్గాలి. అందులో జెండాల మీద ప్రశ్నలుంటాయి, ట్రాక్ మీద నడిపి చూపించాలి. కొడుక్కి 16 నిండి ఉండాలి, సిరీస్ నియమాల్లో అంతకంటే ఎక్కువ వయసు అడిగారేమో చూసుకోండి. నల్ల జెండాలో నారింజ చుక్క కనిపిస్తే మీ బండిలో ఏదో చెడిందని, పిట్‌లోకి రమ్మని అర్థం. పసుపు, ఎరుపు చారల జెండా అంటే ముందు రోడ్డు జారుతోందని. భోజనాల దగ్గర ఒకరినొకరు అడుగుతూ నేర్చుకుంటే వారంలో వచ్చేస్తాయి. కొత్త లైసెన్స్ ఉన్నవారు నడిపేటప్పుడు కారు వెనక పసుపు మీద నల్ల ఇంటూ గుర్తు అంటించాలి.

2. ఒక సీటు, రెండు ఒళ్లు

అందరూ ఇంజన్‌తో మొదలుపెడతారు. సీటుతో మొదలుపెట్టండి. పిట్‌లో సమయం పోయేదీ, ప్రమాదంలో ప్రాణం నిలిపేదీ ఇదే.

సీటును పొడుగు మనిషికి సరిపడా బిగించండి. పొట్టి మనిషికి నిప్పంటుకోని గుడ్డ తొడిగిన నురగ ఇన్సర్ట్ చేయించండి. అది వీపు వెనకా, తొడల కిందా కదలకుండా కూర్చోవాలి. అది ముందుకు జారి నడుం బెల్టు కిందికి వస్తే పనికిరాదు, దెబ్బ తగిలినప్పుడు మనిషి బెల్టు కిందనుంచి జారిపోతాడు. క్లచ్ పూర్తిగా తొక్కినప్పుడు కూడా మోకాలు కాస్త వంగి ఉందో లేదో ఇద్దరితోనూ చూడండి.

బెల్టుల్లో ముందు నడుంది బిగించాలి. అది పొట్ట మీద కాకుండా తుంటి ఎముకల మీద పడాలి. ఆ తర్వాతే భుజాలవి. మెడను కాపాడే హాన్స్ వేసుకుంటారు కాబట్టి భుజాల పట్టీలు వెనక్కి అడ్డంగా గానీ, కాస్త కిందికి గానీ పోవాలి, 20 డిగ్రీలకు మించి దిగకూడదు. ఒకరి పొడవు దగ్గర ఎర్ర టేపు, ఇంకొకరిది తెల్ల టేపు పట్టీకే చుట్టేస్తే తడుముకోకుండా సరిపోతుంది. అద్దాలకూ అంతే, రెండు స్థానాలను పెయింట్ పెన్నుతో గీయండి. సీటు, బెల్టుల మీద గడువు తేదీ ఉంటుంది. అది దాటితే స్క్రూటినీరింగ్‌లోనే, అంటే రేసుకు ముందు జరిగే కారు తనిఖీలోనే, ఆపేస్తారు.

3. ఇంజన్: వేగం కంటే నిలకడ

ట్యాపెట్లతో, అంటే వాల్వుల దగ్గరి సందుతో, మొదలుపెట్టండి. వాల్వులను తెరిచే మామూలు క్యామ్‌షాఫ్ట్‌కు గ్యాప్ 0.015 అంగుళాలు, అంటే 0.38 మి.మీ. రేసు క్యామ్ వేసి ఉంటే దాన్ని తయారుచేసినవాళ్లు చెప్పిన అంకె. ఎనిమిది వాల్వులకు తొమ్మిది లెక్క గుర్తుపెట్టుకోండి. ఎనిమిదోది పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోది, ఆరోది తెరుచుకున్నప్పుడు మూడోది చూడాలి. రెండు అంకెలూ కలిపితే ఎప్పుడూ తొమ్మిదే. సందు కొలిచే ఫీలర్ గేజ్ రేకు వెన్నలో కత్తిలా జారితే గ్యాప్ ఎక్కువైంది, లాగితే రాకపోతే తక్కువైంది. సన్నగా పట్టి వదిలినట్టు రావాలి.

రెండు ఎస్‌యూ రకం కార్బురేటర్ల పైన ఉండే డాష్‌పాట్ మూత విప్పి ఆయిల్ చూడండి. బోలు పిస్టన్ కడ్డీ పైఅంచు కంటే సుమారు 13 మి.మీ. ఎత్తున ఉండాలి. తక్కువైతే యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కినప్పుడు ఇంజన్ తటపటాయిస్తుంది. గాలి, పెట్రోలు మిశ్రమం చూడటానికి, ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు పక్కనున్న చిన్న పిన్నుతో పిస్టన్‌ను 0.8 మి.మీ. లేపండి. వేగం కాస్త పెరిగి వెంటనే మామూలుకొస్తే సరిగ్గా ఉంది. పెరిగి అక్కడే ఉంటే పెట్రోలు ఎక్కువ. ఇంజన్ ఆగబోతే పెట్రోలు తక్కువ, ఆ స్థితిలో రేసు నడిపితే పిస్టన్ కరుగుతుంది.

ఎంజీబీ ఇంజన్లు రేసుల్లో చెడిపోయే తీరు చాలావరకు ఒకటే. పొడుగాటి మలుపులో ఆయిల్ అంతా సంపులో (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) ఒక పక్కకు ఒరుగుతుంది, ఆయిల్ పంపు గాలి పీలుస్తుంది, కనెక్టింగ్ రాడ్ బేరింగు అరిగిపోతుంది. బ్రాండ్స్ హ్యాచ్ ట్రాక్‌లోని క్లియర్‌వేస్ అలాంటి మలుపే. అందుకే సంపులో అడ్డుపలకలు వేయించండి, రేసుకు ముందు ఆయిల్ పై గీత దాకా ఉంచండి. ఫిల్టర్‌తో కలిపి సుమారు 4¼ లీటర్ల 20డబ్ల్యూ-50 రకం ఆయిల్ పడుతుంది, ఆయిల్ కూలర్ ఉంటే ఇంకాస్త. వేడి ఇంజన్ పరుగులో ఆయిల్ ప్రెషర్ 50 నుంచి 80 పీఎస్ఐ చూపించాలి. మలుపులో ముల్లు ఒక్కసారి వాలి లేచినా, ఆ మాట పిట్‌లో చెప్పి తీరాలి.

రెవ్ లిమిట్, అంటే ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు దాటకూడదన్న హద్దు, ఇద్దరికీ ఒకటే ఉండాలి. క్రాంక్, రాడ్లు మామూలువే అయితే 6,000 దాటొద్దు. కొడుకు 6,500 దాకా, నాన్న 5,800 దాకా లాగుతుంటే ఏ చప్పుడు ఎవరి వల్ల వచ్చిందో తేలదు.

4. బ్రేకులు, చక్రాలు

బ్రేకు ఆయిల్ ప్రతి రేసుకూ ముందు మార్చండి. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చుకున్నది 155 దగ్గరే మరగొచ్చు. మరిగితే పెడల్ నేల దాకా పోతుంది. వెనక డ్రమ్ములకు అడ్జస్టర్‌ను చక్రం ఆగేదాకా బిగించి, చక్రం స్వేచ్ఛగా తిరిగేదాకా వెనక్కి వదలండి. ఇది వదులుగా ఉంటే పెడల్ లోతుకు పోతుంది, జనం ముందు బ్రేకుల్ని తప్పుపడతారు.

స్పోకు చక్రాలుంటే మధ్యలో పెద్ద రెక్కల నట్టు ఒక్కటే ఉంటుంది. కారు ఎడమవైపుది గడియారం తిరిగే వైపు, కుడివైపుది దానికి ఎదురువైపు బిగుస్తుంది. ఎవరో ఇరుసు విప్పి హబ్బులు అటూ ఇటూ మార్చి బిగించి ఉంటే, నట్టు పరుగులోనే ఊడిపోతుంది. కొన్న రోజే చూడండి. హబ్బు పళ్లు అరిగాయో లేదో తెలియాలంటే కారును జాకీ మీద లేపి, ఒకరు బ్రేకు తొక్కి ఉండగా ఇంకొకరు చక్రాన్ని ముందుకూ వెనక్కీ తిప్పి చూడాలి. టక్కుమంటే పళ్లు పోయినట్టే. నాలుగు నట్ల చక్రాలైతే టార్క్ రెంచితో 60 నుంచి 65 పౌండ్-అడుగులు, మొదటి ప్రాక్టీస్ తర్వాత మళ్లీ ఒకసారి.

5. టెస్ట్ డే

పోటీకి ముందు కనీసం ఒక రోజు ట్రాక్ అద్దె సెషన్‌లో నడపండి. సిల్వర్‌స్టోన్ ట్రాక్ ఒకప్పుడు యుద్ధకాలపు విమానాల స్థావరం. మనవైపు మద్రాసు నుంచి నెల్లూరుకు వచ్చే రోడ్డు మీది షోలవరం రన్‌వే కూడా ఇలాగే రేసు ట్రాక్ అయింది. అలాంటి చదును నేల మీద బ్రేకు ఎక్కడ తొక్కాలో చెప్పే గుర్తులు కంటికి తక్కువగా ఆనతాయి, దూరం బోర్డులే ఆధారం. బ్రాండ్స్ హ్యాచ్‌లో పాడక్ హిల్ మలుపు ఒక్కసారిగా దిగువకు పడిపోతుంది, అక్కడ బ్రేకు ఆలస్యమైతే నేరుగా కంకరలోకి పోతారు.

ఒకరు నడిపి దిగాక ఇంకొకరు ఎక్కడానికి ముందు నోట్‌బుక్ తెరవండి. ఆయిల్ ప్రెషర్, నీటి వేడి, టైరు ప్రెషర్, బ్రేకు పెడల్ ఎంత లోతు, ఏ గేరు గట్టిగా పడింది. "బండి బాగుంది" అని రాస్తే ఏమీ రాయనట్టే. 1967 దాకా వచ్చిన గేర్‌బాక్స్‌లో మొదటి గేరుకు, గేరు సాఫీగా పడేలా చేసే సింక్రో లేదు, కదులుతుండగా వేస్తే పళ్లు కొరుకుతాయని ముందే చెప్పండి.

6. కారు చేతులు మారడం

ఇంటి దగ్గర షెడ్‌లో, హెల్మెట్, గ్లవ్స్, హాన్స్ అన్నీ వేసుకుని కనీసం ఇరవైసార్లు చేయండి. వరస ఇది:

పిట్ లేన్ గీత దగ్గర వేగం తగ్గించాలి. పరిమితి సాధారణంగా గంటకు 60 కిలోమీటర్లు, ఆ రోజు కాగితంలో చూసుకోండి. కారు పూర్తిగా ఆగేదాకా బెల్టు ముట్టుకోకూడదు. ఆగాక న్యూట్రల్, ఇంజన్ ఆపు. హ్యాండ్ బ్రేకు లాగొద్దు, వేడి డ్రమ్ము చల్లారేటప్పుడు షూలను పట్టేస్తుంది. దిగే మనిషి భుజాల పట్టీలను పక్కలకు విసిరి లేవాలి. ఎక్కేది పొట్టి మనిషైతే ఇన్సర్ట్ చేత పట్టుకుని సిద్ధంగా ఉండాలి. భుజాల పట్టీలను హాన్స్ రెక్కల మీదుగా వేసేది దిగిన మనిషే. ఎందుకంటే అప్పుడే అవి విప్పింది అతనే.

ఆ సమయంలో మూడే మాటలు. "నాన్నా, ఆయిల్ అరవై, పెడల్ లోతు, మూడో గేరు గట్టి." అంతకు మించి చెప్పకండి. ముందున్న కారు ఎవరిదన్న సంగతి సిగ్నలింగ్ బోర్డు చూసుకుంటుంది.

వేడి ఇంజన్ మళ్లీ పట్టకపోతే కంగారుపడి చోక్ లాగకండి. యాక్సిలరేటర్ పంపు చేయకండి, ఎస్‌యూల్లో పెట్రోలు చిమ్మే పంపే లేదు కాబట్టి దానివల్ల లాభం లేదు. పెడల్ కొద్దిగా తొక్కి పట్టుకుని స్టార్టర్ తిప్పండి. ముందు కీ తిప్పి ఒక్క క్షణం చెవి పెడితే వెనక కుడి చక్రం దగ్గర పెట్రోలు పంపు టిక్ టిక్‌మని ఆగడం వినిపిస్తుంది. వినిపించకపోతే పంపు లోపలి విద్యుత్ పాయింట్లు అంటుకుని ఉండొచ్చు, పంపును సుత్తి పిడితో మెల్లగా తడితే సాధారణంగా కదులుతుంది.

కనీస ఆగుడు సమయం ఉన్న రేసుల్లో స్టాప్‌వాచ్ మూడో మనిషి చేతిలో ఉండాలి. ఒక్క సెకను ముందు బయటికెళ్లినా పెనాల్టీ.

7. జెండా పడ్డాక

ఒక ల్యాప్ మెల్లగా తిప్పి బ్రేకులు చల్లార్చండి. రేసయ్యాక కార్లను ఆపి ఉంచే పార్క్ ఫెర్మేలో అధికారులు వదిలేదాకా బానెట్ ఎత్తకండి. ఇంటికొచ్చాక ప్లగ్గులు నాలుగూ విప్పి వరసగా పెట్టి చూడండి. లేత గోధుమరంగు ఉంటే మంచిది, ఒకటి మాత్రం తెల్లగా ఉంటే ఆ సిలిండర్‌కు పెట్రోలు తగ్గింది. సంపు నట్టు అయస్కాంతానికి అంటిన పొడి బూడిదలా మెత్తగా ఉంటే సరే. వేలికి గుచ్చుకునే ముక్కలుంటే ఇంజన్ దింపాల్సిందే, తర్వాతి రేసుకు ఎంట్రీ కట్టేసి ఉన్నా సరే.