కాలువ పాచికి సరైన పేరు పెట్టడం ఎలా?

మా కోనసీమలో నీళ్లలో పచ్చగా కనిపించేదంతా పాచే. అదే కాలేజీ రికార్డు బుక్కులోకి ఎక్కితే స్పైరోగైరా అనే ఒకే రకం అయిపోతుంది. డిగ్రీ పిల్లలు తెచ్చే స్లైడ్లు ఏళ్ల తరబడి చూస్తున్నాను. పేరు ముందే రాసేసి, బొమ్మ పుస్తకంలోంచి దించి, ఆఖరున మైక్రోస్కోపులోకి తొంగి చూసేవాళ్లే ఎక్కువ. ఈ వరసను తిరగేయడానికే ఇది రాస్తున్నాను.

ముందు ఒక మాట. ఆకుపచ్చ శైవలం (గ్రీన్ ఆల్గా) అనడానికి రంగు సాక్ష్యం కాదు. శాస్త్రవేత్తలు చూసేది పత్రహరితం ఎ, బి రెండూ ఉన్నాయా, తయారైన పిండి హరితరేణువు (క్లోరోప్లాస్ట్) లోపలే నిల్వ ఉందా అన్నది. నమ్మకం కలగకపోతే వర్షాకాలంలో కొబ్బరి మాను మీద పట్టే నారింజ రంగు పొరను గీకి చూడండి. అది ట్రెంటెపోలియా, అసలు సిసలు ఆకుపచ్చ శైవలం. లోపల కెరోటిన్ పేరుకుని పచ్చదనాన్ని కప్పేస్తుంది. మామిడి, జామ ఆకుల మీద తుప్పు మచ్చలు వేసే సెఫాల్యూరాస్ కూడా ఈ గుంపుదే. చెరువు మీద పచ్చ పెయింటు ఒలకబోసినట్టు తేలే మైక్రోసిస్టిస్ మాత్రం ఈ గుంపు కాదు. అది నీలి ఆకుపచ్చ రకం, అంటే బాక్టీరియా.

కావలసినవి పెద్దగా లేవు. 400 రెట్లు చూపించే మామూలు స్టూడెంట్ మైక్రోస్కోపు, స్లైడ్లు, కవర్ స్లిప్పులు, డ్రాపరు, బ్లాటింగ్ పేపరు, వెడల్పు మూతి సీసాలు, అయోడిన్. అయోడిన్ ద్రావణం ఇంట్లోనే కలుపుకోవచ్చు. రెండు గ్రాముల పొటాషియం అయొడైడ్‌ని కొంచెం నీళ్లలో కరిగించి, అందులో ఒక గ్రాము అయోడిన్ వేసి, అదీ కరిగాక నీళ్లు పోసి 100 మిల్లీలీటర్లు చేయండి. వరస మారిస్తే అయోడిన్ కరగక అడుగునే కూర్చుంటుంది. మందుల షాపులో దొరికే బెటాడిన్ వాడొద్దు. పని చేస్తుందని వాదించేవాళ్లున్నారు కానీ, ఆ గోధుమ మడ్డిలో నల్ల చుక్కను వెతుక్కునే ఓపిక నాకు లేదు.

సేకరణ పొద్దున్నే చేయాలి. సీసాలో మూడో వంతు పాచీ నీళ్లూ, మిగతాది గాలి. నిండా కుక్కి మూత బిగించి బండి డిక్కీలో పెట్టి మధ్యాహ్నం దాకా తిప్పితే మీ చేతికొచ్చేది పులుసే. ఫార్మలిన్ అసలు వద్దు, రంగు పోతుంది. దాచుకోవాలంటే వేరే సీసాలో దాచుకోండి. చూడాల్సింది బతికున్నదాన్ని.

ఇక వేళ్లతో నలిపి చూడండి. ఈ పని ఎవరూ చేయరు, నేను మాత్రం తప్పనిసరి అంటాను. తలకు షాంపూ పెట్టుకున్నప్పుడు వెంట్రుకలు జారినట్టు వేళ్ల మధ్య జారితే స్పైరోగైరా, జిగ్నీమా, మౌజియోషియా కుటుంబం కావచ్చు. తడిసిన దూదిలా, పీచులా గరగరలాడితే క్లాడోఫోరా గానీ పిథోఫోరా గానీ. నీళ్లలో విప్పితే చిన్న చిన్న కళ్లున్న వల కంటికే కనిపిస్తే హైడ్రోడిక్టియాన్, దానికి ఇక సందేహం లేదు. అడుగు మట్టిలో పాతుకుని, కణుపు కణుపుకీ చుట్టూ కొమ్మలేసి, సున్నం పట్టి, ముక్కు దగ్గర పెడితే వెల్లుల్లి కంపు కొట్టేది కారా. ఉప్పునీటి పాయల్లో, కోరంగి వైపు మడ చెట్ల కింద, పేగుల్లా గొట్టాలు గొట్టాలుగా తేలేది అల్వా. పాత పుస్తకాల్లో ఇది ఎంటరోమార్ఫా అని ఉంటుంది. 2003లో దాన్ని అల్వాలో కలిపేశారు.

ఇప్పుడు అసలు చిక్కు. నూటికి తొంభై తప్పులు ఇక్కడే జరుగుతాయి.

స్లైడు మీద చుక్క నీరు వేసి, రెండు మూడు పోగులు మాత్రమే పెట్టండి. కుప్ప పెడితే ఏదీ కనిపించదు. కవర్ స్లిప్పు వేశాక అయోడిన్ జోలికి పోవద్దు. ముందు ఉన్నదున్నట్టు చూడండి, హరితరేణువు ఆకారం తేల్చుకోండి, కాగితం మీద బొమ్మ గీయండి. అయోడిన్ పడ్డాక కణం చచ్చిపోతుంది, ఆకారం ముడుచుకుపోతుంది, మళ్లీ వెనక్కి రాదు.

ఆకారం చూడటమంటే ఒక్క చూపుతో అయ్యేది కాదు. ఫైన్ ఫోకస్ మరను తిప్పుతూనే ఉండాలి. స్పైరోగైరా కణంలో రిబ్బను గోడ లోపలి వైపు చుట్టుకుని ఉంటుంది. పై భాగం మీద ఫోకస్ చేస్తే ఏటవాలు గీతలు ఒక వైపు వాలి కనిపిస్తాయి. మరను ఇంకాస్త తిప్పి అడుగు భాగానికి దిగితే అవే గీతలు రెండో వైపు వాలతాయి. మధ్యలో ఎక్కడో ఆగిపోయినవాళ్లకు రెండూ కలిసి గుణకారం గుర్తులు కనిపిస్తాయి. వెంటనే "రెండు రిబ్బన్లు సార్" అంటారు. రిబ్బన్లు ఎన్నో లెక్కపెట్టాలంటే కణం కొస దగ్గర, పై తలం మీద ఫోకస్ ఆపి, ఒక్కో రిబ్బను ఎక్కడ మొదలైందో పట్టుకోవాలి.

జిగ్నీమాలో ఒక్కో కణానికి నక్షత్రంలాంటి హరితరేణువులు రెండు, వాటి నడుమ కేంద్రకం. బాగుంది. కానీ నిన్న తెచ్చిన స్పైరోగైరా కూడా ఇలాగే మోసం చేస్తుంది. చచ్చిపోతున్న కణంలో రిబ్బను తెగి, లోపలి పదార్థమంతా కుంచించుకుపోయి నడుమన ముద్ద కడుతుంది. గోడకీ ముద్దకీ మధ్య ఖాళీ కనిపిస్తే ఆ కణాన్ని వదిలేయండి. పక్క పోగు చూడండి. అన్నీ అలాగే ఉంటే సీసా పారబోసి మళ్లీ కాలువకు వెళ్లండి, సిగ్గు పడక్కర్లేదు.

మౌజియోషియా ఇంకా గడుసుది. కణం మధ్యలో పలుచని పలకలాంటి హరితరేణువు ఒకటే ఉంటుంది. వెలుతురు తక్కువైతే పలక వెడల్పు మొహం చూపిస్తుంది, ఎక్కువైతే అంచు తిప్పుకుంటుంది. మైక్రోస్కోపు దీపం గట్టిగా పెట్టి టీ తాగి వచ్చేసరికి, ఇందాక కణం నిండా ఉన్న పచ్చదనం సన్నటి గీతగా మారిపోయి ఉంటుంది. స్లైడు మార్చారేమో అని ఒకసారి నా స్టూడెంటు పక్కవాడితో గొడవ కూడా పడ్డాడు. అందుకే దీపం తగ్గించి చూడమంటాను. ఎక్కువ వెలుతురులో చూసి సన్నపోగు అని రాసుకుంటే అది మీ తప్పే.

కణాల పై కొసన ఒకదాని మీద ఒకటి పెట్టిన టోపీల్లా సన్నటి వలయాలు కనిపిస్తే ఈడోగోనియం. కొమ్మలేసి, అక్కడక్కడా నల్లగా ఉబ్బిన పీపాల్లాంటి కణాలుంటే పిథోఫోరా.

బొమ్మ గీశాక అయోడిన్. కవర్ స్లిప్పు ఒక అంచున ఒకే చుక్క వేసి, ఎదుటి అంచున బ్లాటింగ్ పేపరు ఆనించండి. ద్రావణం మెల్లగా లోపలికి పాకుతుంది. రంగు మారే హద్దు దగ్గర చూస్తూ ఉండండి. ఆకుపచ్చ శైవలమైతే హరితరేణువులో పైరినాయిడ్లనే చిన్న గుళికల చుట్టూ పిండి ఉంటుంది గనక అక్కడ నీలి నలుపు చుక్కలు తేలతాయి. స్పైరోగైరా రిబ్బను మీదైతే పూసలు గుచ్చినట్టుంటుంది. నీలి ఆకుపచ్చ రకానికి ఆ చుక్కలు రావు, ఒళ్లంతా గోధుమ రంగు పడుతుంది. యూగ్లీనాకూ రావు. దానికీ పత్రహరితం బి ఉన్నా దాని నిల్వ పదార్థం వేరు, అయోడిన్‌కి లొంగదు. నాలుగైదు చుక్కలు పోసేస్తే మాత్రం అన్నీ నల్లగానే కనిపిస్తాయి, పరీక్ష చెడినట్టే.

ఇది కాలేజీ గోలే అనుకోకండి. మొన్న ఒక రొయ్యల రైతు కూల్‌డ్రింక్ సీసాలో చెరువు నీళ్లు పట్టుకొచ్చాడు. "మాస్టారూ, ఇది గ్రీనా, బ్లూ గ్రీనా? సరుకుకి మట్టి వాసన వస్తంది, కొనేవాడు వద్దంటన్నాడండి" అన్నాడు. అంతకు ముందు ఎవరో నీళ్ల రంగు చూసి "మంచి గ్రీన్ బ్లూమ్" అని చెప్పి పంపారట. స్లైడు మీద ఒక్క నల్ల చుక్క లేదు, అంతా ఆసిల్లటోరియా పోగులు. మట్టి వాసనకు కారణమయ్యే జియోస్మిన్‌ని తయారుచేసేవాటిలో ఈ నీలి ఆకుపచ్చ రకాలున్నాయి. రంగుల చార్టు పక్కన పెట్టి చూసేవాళ్లకీ, ఫోన్ యాప్‌తో ఫోటో తీసేవాళ్లకీ ఇది ఎప్పటికీ దొరకదు.

ప్రజాతి (జీనస్, అంటే స్పైరోగైరా లాంటి పేరు) తేలాక దాన్ని ఏ గూట్లో పెట్టాలన్నది సులువే, పాత గూళ్లను మరిచిపోతే. మా తరం చదివింది బ్రిటిష్ శైవల శాస్త్రవేత్త ఫ్రిట్ష్ 1935లో ఇచ్చిన వర్గీకరణ. క్లోరోఫైసీ అనే ఒకే తరగతి, దానికింద తొమ్మిది క్రమాలు. మద్రాసులో ఎం.ఓ.పి. అయ్యంగార్ 1932లో ఒక శైవలానికి ఫ్రిట్షియెల్లా అని ఆయన పేరే పెట్టారు. ఆ గౌరవం ఉండాల్సిందే గానీ, ఆ పట్టిక ఇప్పుడు నిలవదు. 1970ల నుంచి కణం రెండుగా చీలే పద్ధతి, కశాభాల (ఈదడానికి పనికొచ్చే కొరడాల్లాంటి పోగుల) మొదళ్ల అమరిక ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూశారు. తర్వాత డీఎన్ఏ వచ్చి ఇంకా చెదరగొట్టింది. గుండ్రంగా చిన్నగా ఉన్నదల్లా క్లోరెల్లా అనుకున్న రోజుల్లో ఆ పేరు కింద చేరినవి, తీరా చూస్తే రెండు వేరే తరగతులకు చెందినవని తేలాయి.

ఇప్పుడు ప్రధానంగా రెండు కొమ్మలు. క్లోరోఫైటా వైపు క్లామిడోమోనాస్, వాల్వాక్స్, హైడ్రోడిక్టియాన్, ఈడోగోనియం ఒక తరగతి. అల్వా, క్లాడోఫోరా, పిథోఫోరా, కొబ్బరి మాను మీది ట్రెంటెపోలియా మరో తరగతి. అసలు క్లోరెల్లా ఇంకో తరగతి. రెండో కొమ్మ మీద కారా, స్పైరోగైరా, జిగ్నీమా, మౌజియోషియా, డెస్మిడ్లు ఉంటాయి. నేల మీది మొక్కలన్నీ ఈ కొమ్మ నుంచే వచ్చాయి. కాబట్టి చేలో స్పైరోగైరా, పక్కన వరి దుబ్బు, గట్టు మీద రాయికి క్లాడోఫోరా ఉంటే, స్పైరోగైరాకి దగ్గర చుట్టం వరే. కంటికి ఒకేలా కనిపించే పాచి కాదు.

చివరగా లేబులు. తేదీ, ఊరు, కాలువో చెరువో, మంచినీరో ఉప్పునీరో, బతికుండగా గీసిన బొమ్మ, అయోడిన్ ఫలితం. పేరు దగ్గర ప్రజాతితో ఆగండి. స్పైరోగైరాలో జాతి (స్పీషీస్) చెప్పాలంటే రెండు పోగులు జతకట్టి, జైగోస్పోర్లనే మందపాటి గోడ కణాలు ఏర్పడ్డ పదార్థం దొరకాలి. వేసవిలో కాలువలు కట్టేశాక అడుగున మిగిలే మడుగుల్లో, పచ్చదనం పోయి పసుపు తిరిగిన పాచిలో వెతికితే నాకు ఎక్కువ సార్లు దొరికింది. దొరికేదాకా "స్పైరోగైరా ఎస్‌పి., జైగోస్పోర్లు లేవు" (ఎస్‌పి. అంటే జాతి తేలలేదని) అని రాసి సంతకం పెట్టండి.