ఉల్లిపొరల చాటున: టార్ బ్రౌజర్ ఎలా వాడాలి?

చిక్కడపల్లిలో మా పక్క వాటా పిన్నిగారు గర్భాశయం ఆపరేషన్ గురించి రెండు రోజులు ఫోనులో వెతికారు. మూడో రోజు నుంచి ఏది తెరిచినా ఆసుపత్రుల ప్రకటనలే. "ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, దీనికెవరు చెప్పారు నాయనా? ఇంకాగ్నిటోలో వెతికితే సరిపోతుందా?" అని అడిగారు.

సరిపోదు. ఇంకాగ్నిటో మన ఫోనులో చరిత్రను మిగల్చదు, అంతే. మీరు ఏ సైటుకు వెళ్లారో ఇంటర్నెట్ ఇచ్చే సంస్థకు తెలుస్తుంది. మీ ఐపీ అడ్రసు, అంటే నెట్‌లో మీ కనెక్షన్ చిరునామా, ఆ సైటుకు తెలుస్తుంది. మన రాకపోకలను తన కంప్యూటర్ మీదుగా మళ్లించే వీపీఎన్ పెట్టుకుంటే ఆ రెండూ వీపీఎన్ కంపెనీ చేతికి వెళ్తాయి. పైగా వినియోగదారుల వివరాలను 5 సంవత్సరాలు భద్రపరచాలని 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆ కంపెనీలను ఆదేశించింది. టార్ అనే బ్రౌజర్‌లో అలా ఏ ఒక్కరినీ పూర్తిగా నమ్మాల్సిన పని లేదు. మన అభ్యర్థన ఉల్లిపొరల్లా ఒకదానిలో ఒకటిగా మూడు కవర్లలో పెట్టిన ఉత్తరంలా మూడు కంప్యూటర్ల మీదుగా వెళ్తుంది. మొదటిదానికి మీరెవరో తెలుసు, ఎక్కడికో తెలియదు. చివరిదానికి ఎక్కడికో తెలుసు, ఎవరో తెలియదు. 1990లలో అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో పుట్టిన ఆలోచన ఇది. మన దేశంలో దీన్ని వాడటం నేరం కాదు. దీని చాటున చేసిన నేరం మాత్రం నేరమే.

వాళ్లబ్బాయి ల్యాప్‌టాప్ తెప్పించి మొదలుపెట్టాం.

1. దించుకోవడం. టార్ ప్రాజెక్ట్ సొంత సైటు నుంచే దించుకోండి. ఆండ్రాయిడ్‌కు ప్లే స్టోర్‌లో ఉంది, ఐఫోనుకైతే ఆనియన్ బ్రౌజర్.

2. కలపడం. తెరిచి 'కనెక్ట్' నొక్కి కాసేపు ఆగండి. హాస్టల్ వైఫైలో అడ్డుకుంటుంటే సెట్టింగ్స్‌లో బ్రిడ్జ్‌గా, అంటే అడ్డంకిని దాటించే మారుదారిగా, 'స్నోఫ్లేక్' ఎంచుకోండి.

3. దారి చూసుకోవడం. ఏదైనా సైటు తెరిచి, అడ్రసు పట్టీకి ఎడమవైపున్న సర్క్యూట్ బొమ్మ నొక్కండి. మాకు జర్మనీ, ఫ్రాన్స్, నెదర్లాండ్స్ అని వరుసగా కనిపించాయి. చివరి మజిలీ నెదర్లాండ్స్ కాబట్టి కొన్ని సైట్లు డచ్చి భాషలో పలకరిస్తాయి, మనిషివేనా అని పదేపదే అడుగుతాయి. ఓపిక పట్టాలి. దారి మార్చినా మొదటి మజిలీ మారకపోతే కంగారు పడకండి. కావాలనే దాన్ని చాలాకాలం అలాగే ఉంచుతారు.

4. అమరికలు ముట్టుకోకపోవడం. కిటికీని తెర నిండా సాగదీయకండి, యాడ్-ఆన్‌లు తగిలించకండి. అందరూ ఒకేలా కనిపిస్తేనే గుంపులో కలిసిపోతాం. భద్రత స్థాయిని 'సేఫెస్ట్'కు పెంచితే సైట్లను పనిచేయించే జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రాము ఆగిపోయి సగం సైట్లు చచ్చుబడతాయి. ఆరోగ్య సమాచారం చదువుకోవడానికి 'స్టాండర్డ్' చాలు.

5. పేరు చెప్పకపోవడం. అసలు చిక్కంతా ఇక్కడే. ఇంత చేశాక పిన్నిగారు మొదట తెరిచింది తన మెయిలు! పాస్‌వర్డు సగం కొట్టారు. ముసుగు వేసుకుని వెళ్లి, గుమ్మం దగ్గర రిజిస్టరులో సంతకం పెట్టినట్టే అది. మెయిలు, ఫేస్‌బుక్ లాగిన్‌లు ఇందులో వద్దు. బ్యాంకు పనీ వద్దు. ఐరోపా నుంచి ఎవరో లాగిన్ అవుతున్నారని ఖాతా ఆపేయవచ్చు. సైటు అడ్రసు హెచ్‌టీటీపీఎస్‌తో (రాసినదాన్ని గుప్తంగా పంపే పద్ధతి) మొదలవ్వాలి, లేకపోతే చివరి కంప్యూటర్ నడిపేవాళ్లు మీరు రాసినదంతా చదవగలరు. దించుకున్న పీడీఎఫ్‌ను ఇంటర్నెట్ ఆపి తెరవండి, టార్ బయట తెరిచిన ఫైలు నేరుగా నెట్‌కు వెళ్లి మీ అడ్రసు బయటపెట్టవచ్చు.

మీరు టార్ వాడుతున్న సంగతి మాత్రం ఇంటర్నెట్ ఇచ్చేవాళ్లకు తెలుస్తుంది, లోపల ఏం చూశారో తెలియదు.

6. ఊడ్చేయడం. చదవడం అయ్యాక పైన చీపురు బొమ్మ నొక్కండి. ట్యాబులన్నీ మూసుకుపోయి, కుకీలు చెరిగిపోయి, కొత్త దారితో బ్రౌజర్ మళ్లీ తెరుచుకుంటుంది. గంటసేపు చదువుకున్న పిన్నిగారు చీపురును ఒకటికి మూడుసార్లు నొక్కి, ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని వెళ్లారు.