ఐదో పాఠం: పెద్దలు వచ్చారు, పిల్లలు నోరు మూశారు

పోయిన పాఠం చదివి మీలో చాలామంది కౌన్సెలర్లు, మీరు నడిపే పిల్లల కౌన్సెలింగ్ గ్రూపుకు వాళ్ల ఇంటివాళ్లను పిలిచారు. సంతోషం. కానీ జడ్చర్ల నుంచి, దేవరకొండ నుంచి, మిర్యాలగూడ నుంచి వచ్చిన కబురు ఒకటే: పెద్దలు గంటసేపు మాట్లాడారు, పిల్లలు తలెత్తలేదు, మరుసటి వారం సగం మంది రానేలేదు. అందుకే ఈసారి చెప్పాలనుకున్న పాఠం పక్కన పెట్టాను.

చాపలు పరవడం, గుండ్రంగా కూర్చోబెట్టడం మీకు తెలిసినవే. గొడవంతా మొదటి ప్రశ్నతో వచ్చింది. "చెప్పండమ్మా, ఏం ప్రాబ్లం?" అని మీరు పెద్దలను అడిగారు. ఇంకేముంది! "ఫోన్ పట్టుకుంటే వీనికి తిండి సుత యాదికుండదు సార్." "ఇంటర్ల రెండు సబ్జెక్టులు పోయినయ్, సిగ్గు లేదు." "మేం బొంబాయిల కూలి చేసి పైసలు పంపితే ఈమె ఇట్ల జేస్తది." పదిమంది ముందు ఇంత మాట పడ్డాక పదిహేనేళ్ల పిల్ల ఏం మాట్లాడుతుంది?

ఫిర్యాదు కాగానే తండ్రి మీ ముఖం చూస్తాడు. పంచాయతీలో పెద్దమనిషి వైపు చూసినట్టే. మీరు "బాబూ, నాన్న చెప్పింది విన్నావు కదా" అంటే తీర్పు ఇచ్చేసినట్టే. "పిల్లల్ని అలా అనకూడదండీ" అన్నా తీర్పే, ఈసారి ఓడింది తండ్రి. మళ్లీ వారం ఆయన రాడు. తలూపినా తీర్పే. నిట్టూర్చినా తీర్పే. ఆ సమయంలో నేను నోట్‌బుక్‌లో ఏదో రాసుకుంటున్నట్టు తల దించుకుంటాను. మర్యాద కాదనిపిస్తే మీరు మరో దారి చూసుకోండి, ఆ చూపుకు మాత్రం దొరక్కండి.

ఈసారి ఇలా చేయండి. ఐదారు కుటుంబాలు చాలు. పిల్లలు లోపల, పెద్దలు వాళ్ల వెనక గుండ్రంగా. ఇరవై నిమిషాలు పెద్దల పని వినడమే. పిల్లలను "ఇంట్లో ఏ మాట వింటే కంచం ముందు నుంచి లేచిపోవాలనిపిస్తది?" అని అడగండి. తర్వాత పెద్దలు లోపలి వరుసకు, పిల్లలు బయటి వరుసకు. చివర్లో ఒకరి కొడుకును ఇంకొకరి తల్లి పక్కన కూర్చోబెట్టి మాట్లాడించండి. సొంత కొడుకు నోట ఎదురుమాట అనిపించేదే, పరాయి పిల్లాడి నోట వింటే బాధ అని తెలుస్తుంది. 1960లలో న్యూయార్క్‌లో పీటర్ లాకర్ అనే మనోవైద్యుడు స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు ఉన్న రోగుల కుటుంబాలను కలిపి కూర్చోబెట్టింది ఈ లాభం కోసమే: డాక్టరు చెబితే ఎక్కనిది సాటి కుటుంబం చెబితే ఎక్కుతుంది.

అందరినీ పిలవొద్దు. ముందు పిల్లతో విడిగా మాట్లాడి, గ్రూపులో ఏది ఎత్తకూడదో అడగండి. ఇంట్లో కొట్టేవాళ్లుంటే ఆ కుటుంబాన్ని గ్రూపులోకి తేవద్దు. లైంగిక వేధింపు బయటపడితే పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. చచ్చిపోవాలని ఉందన్న పిల్లను ఒంటరిగా వదలకుండా మానసిక వైద్యుడి దగ్గరికి పంపాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేస్తే రాత్రీ పగలూ ఎత్తుతారు.

అభ్యాసం: వలస పోయిన ఒక తండ్రికి ఆయన పని దిగాక ఫోన్ చేయండి. అరగంట మాట్లాడించండి. సలహా ఒక్కటీ ఇవ్వకూడదు. తర్వాత ఆయన చెప్పిందంతా ఆయన మాటల్లోనే రాసి, మీరు ఎక్కడెక్కడ తీర్పు చెప్పబోయి ఆగారో గీత గీయండి. గీతలు లేకపోతే ఇంకో తండ్రికి చేయండి.