ట్రయాక్ మార్చే ముందు బ్రష్‌లు చూడండి

మొన్న బైరాగిపట్టెడ నుంచి ఒక అక్క ఫోన్ చేసింది. "అన్నా, వాషింగ్ మిషన్ స్విచ్ వేయంగానే డ్రమ్ము బొంగరం మాదిరి తిరిగేస్తా ఉండాది. భయమేసి ప్లగ్గు పీకేసినా." ఆ మాటతోనే సగం పని అయిపోయింది. కార్బన్ బ్రష్‌ల (తిరిగే భాగానికి కరెంటు అందించే బొగ్గు ముక్కలు) మోటర్ ఉన్న ఫ్రంట్ లోడ్ మిషన్ ఇలా అదుపు తప్పి తిరిగితే, నేను ముందు అనుమానించేది బోర్డు మీది ట్రయాక్‌నే, అంటే మోటర్‌కి కరెంటు వదిలి ఆపే ఎలక్ట్రానిక్ స్విచ్‌నే. అది షార్ట్ అయితే మోటర్‌కి కరెంటు ఆపేవాడే ఉండడు.

ప్లగ్గు తీసి కాసేపు ఆగండి. పెద్ద కెపాసిటర్ కాళ్ల మధ్య మీటర్ పెట్టి, వోల్టేజీ దాదాపు సున్నా అయ్యాకే బోర్డు మీద చెయ్యి వేయండి. కనెక్టర్లు పీకేముందు ఫోన్‌తో ఫోటో తీసుకోండి. ఇంకో సంగతి, ఈ బోర్డుల్లో చాలావాటికి ఐదు వోల్టుల లైను కూడా మెయిన్స్‌కే కలిసి ఉంటుంది. ఐదే కదా అని కరెంటు ఉండగా ముట్టుకుంటే షాకే.

హీట్ సింక్‌కి, అంటే వేడి లాగే లోహపు రేకుకి, బిగించిన మూడు కాళ్ల ముక్క ట్రయాక్. బోర్డు మీద రబ్బరు లాంటి గమ్ పోసి ఉంటే బ్లేడుతో కాదు, చెక్క పుల్లతో గీకండి. బ్లేడు ట్రాకుల్నీ, అంటే బోర్డు మీది రాగి గీతల్నీ, కోసేస్తుంది. బీటీఏ 16 రకంలో, పేరు రాసిన వైపు మనకు కనబడేలా పట్టుకుంటే ఎడమ నుంచి మొదటి, రెండో కాళ్ల మధ్య మీటర్ ఏమీ చూపకూడదు. సున్నా దగ్గర చూపి బీప్ అందంటే పోయినట్టే. మూడో కాలు గేటు, ట్రయాక్‌ని ఆన్ చేసేది అదే. దానికీ మొదటి కాలుకీ మధ్య కొన్ని పదుల ఓంలు చూపితే కంగారు పడకండి, అది మామూలే. గేటు పక్కనున్న చిన్న రెసిస్టర్ కూడా చూడండి, అదీ కాలిపోయి ఉండొచ్చు.

పాతది పీకడానికి తొందరపడితే ట్రాక్ లేచిపోతుంది. కాళ్లు కత్తిరించి, ఒక్కొక్క కాలూ వేడిచేసి లాగండి.

కొత్తది కొనేటప్పుడు "అన్నీ ఒకటేలే అన్నా" అనే మాట నమ్మొద్దు. నేను ఒకసారి నమ్మి, బీటీఏ బదులు బీటీబీ వేశా. బీటీఏ లోహపు వీపుకి లోపలే ఇన్సులేషన్ ఉంటుంది, బీటీబీకి ఉండదు. హీట్ సింక్ మొత్తం కరెంటు ఎక్కి కూర్చుంది. టెస్టర్ పెట్టి చూశా కాబట్టి బతికిపోయా. పేరులో 600 అంకె తర్వాత వచ్చే అక్షరాలు కూడా పాతదానివే ఉండాలి. గేటుకి ఎంత కరెంటు కావాలో చెప్పేవి అవే.

ఇక బ్రష్‌లు. అక్క మిషన్లో అవి గోరంత మిగిలాయి. అరిగిన బ్రష్ నిప్పురవ్వలు చిమ్ముతుంది, ఆ దెబ్బ ట్రయాక్‌కే తగులుతుంది. అవి మార్చకపోతే కొత్తదీ ఎక్కువ రోజులు ఉండదు.

అంతా బిగించాక 100 వాట్ల పాత రకం ఫిలమెంటు బల్బుని సిరీస్‌లో, అంటే కరెంటు బల్బు గుండానే మిషన్‌కి వెళ్లేలా, పెట్టి స్విచ్ వేయండి. ప్రోగ్రాం మొదలుపెట్టకముందే బల్బు భగ్గున వెలిగితే ఇంకా ఎక్కడో షార్ట్ ఉన్నట్టు. అక్క ఇంట్లో వెలగలేదు. బల్బు తీసేసి, బట్టలు లేకుండా ఒక స్పిన్ తిప్పి చూపించి వచ్చేశా.