ప్రింట్ నుంచి పెయింటింగ్‌కి – 4వ పాఠం: భంగిమ అరువు, సన్నివేశం సొంతం

గళ్లు గీసి బొమ్మను పెద్దది చేయడం పోయిన పాఠంలో నేర్చుకున్నాం. 17వ శతాబ్దపు డచ్ చిత్రకారులు అచ్చుబొమ్మలను, అంటే ప్రింట్లను, ఎలా వాడుకునేవారో ఇప్పుడు చూద్దాం.

వాళ్లలో ఒకడైన యాన్ స్టేన్ ఇటలీ వెళ్లాడనడానికి ఆధారం లేదు. అయినా 1670 ప్రాంతంలో ఆయన వేసిన బడిపిల్లల చిత్రం చూస్తే, వాటికన్ గోడ మీద ఇటలీ చిత్రకారుడు రాఫెల్ గ్రీకు తత్వవేత్తల గుంపుతో వేసిన 'స్కూల్ ఆఫ్ ఏథెన్స్' గుర్తొస్తుంది. ఆ గోడ బొమ్మ ఉత్తర యూరప్‌కి కాగితం మీద చేరింది. జార్జో గీసీ దాన్ని రాగిరేకుల మీద చెక్కితే, 1550లో ఆంట్వెర్ప్‌లో హిరోనిమస్ కాక్ అచ్చువేసి అమ్మాడు. స్టేన్ తత్వవేత్తల చోట అల్లరి పిల్లల్ని పెట్టాడు. మాస్టారు ఈకకలం చెక్కుకుంటూ లోకం మరిచిపోయాడు. ఒక పిల్లాడు గుడ్లగూబకి కళ్లద్దాలు ఇవ్వబోతున్నాడు! గుంపుల అమరిక రాఫెల్‌ని తలపిస్తుంది, గోలంతా స్టేన్‌దే. అరువు తెచ్చుకోవడమంటే ఇదీ అని నేను ముందుగా చూపించేది ఈ చిత్రాన్నే.

కుర్ర చిత్రకారుల కోసం చిత్రకారుడు, రచయిత కారెల్ వాన్ మాండర్ 1604లోనే రాశాడు: దుంపలు బాగా ఉడికితే సూప్ బాగుంటుందని. తెచ్చుకున్న చెయ్యీ కాలూ కొత్త బొమ్మలో అలా కలిసిపోవాలి.

ఇక పని మొదలుపెడదాం. కూర్చున్న మనిషి ఉన్న పాత ప్రింట్ ఒకటి తీసుకోండి. ట్రేసింగ్ పేపర్ మీద బయటి గీతలు మాత్రమే దించి, పేపర్ తిరగేయండి. ఇప్పుడు చేతులు చూడండి: కుడిచేత్తో కుట్టే మనిషి ఎడమచేతివాటమైపోతుంది. రాగిరేకు మీద ఉన్నది కాగితం మీద అద్దంలోలాగా తిరగబడుతుంది కాబట్టి పాత ప్రింట్లలోనూ ఇదే జరుగుతుంది. చెక్కేవాడు ముందే తిప్పి గీసుకోకపోతే కలం ఎడమచేతికి, కత్తి కుడి నడుముకి మారిపోతాయి. ఎవరైనా ప్రింట్ చూసి వేశారా అని అనుమానం వస్తే ముందు చేతులే చూడండి.

ఎక్కువమంది దెబ్బతినేది నీడల దగ్గర. ప్రింట్‌లోని నీడల గీతల్ని కూడా దించేస్తే, మనిషికి ఒకవైపు నుంచి, గదికి ఇంకోవైపు నుంచి వెలుతురు పడుతుంది. అందుకే ఆ నీడల్ని వదిలేయండి. మీ ఇంటి కిటికీ పక్కన ఎవరినైనా అదే భంగిమలో కూర్చోబెట్టి నీడలు కొత్తగా వేయండి. తర్వాత బట్టలు మార్చండి, వయసు మార్చండి, చేతిలో వస్తువు మార్చండి.

వచ్చే పాఠంలోపు ఒకే భంగిమతో రెండు వేర్వేరు సన్నివేశాలు పెన్సిల్‌తో వేసి ఉంచండి. రంగులు అప్పుడు మొదలుపెడదాం.